తిండిలో లోటు, మనసులో గుబులు



తిండికీ మనసుకూ ఉన్న సంబంధం గురించి మాట్లాడమన్నారు. ఈ మాట వినగానే మీలో చాలామందికి పొద్దున్నే ఫోన్లో వచ్చిపడే సందేశాలు గుర్తొస్తాయి. ఫలానా పండు తింటే దిగులు పోతుందట, ఫలానా గింజలు నానబెట్టుకుని నమిలితే సంతోషం ఊరుతుందట. నేనూ అలాంటి జాబితా ఒకటి చదువుతానని ఎదురుచూస్తున్నవారు మన్నించాలి. నేను తెచ్చింది ఒక జబ్బు కథ. అందులో సగం మన హైదరాబాదులోనే జరిగింది.

1950ల చివర్లో, 60ల్లో దక్కన్ పల్లెల నుంచి హైదరాబాదు ఆసుపత్రులకు ఒక రకం రోగులు వస్తుండేవారు. చాలావరకు పేదలు, రెక్కాడితే గానీ డొక్కాడనివాళ్ళు. ఎండ తగిలే చోటల్లా వాళ్ళ చర్మం నల్లబడి, పొలుసులు లేచి ఉండేది. చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ కంటె పెట్టుకున్నట్టుగా మచ్చ. నోరు పూసిపోయి, ఆగని విరేచనాలు. వీటితోపాటు మనసు కూడా చెడేది. నిద్ర పట్టదు. కారణం లేని దిగులు, చిరాకు. పలకరిస్తే బదులు చెప్పరు. ముదిరిన కొద్దీ మతి తప్పినట్టు ప్రవర్తించేవారు. ఆ జబ్బు పేరు పెల్లగ్రా. చర్మాన్నీ, పేగునూ, మనసునూ మూడింటినీ ఒకేసారి పట్టుకునే జబ్బు అది.

వైద్య పుస్తకాల ప్రకారం అది మొక్కజొన్న తినేవాళ్ళ జబ్బు. మనవాళ్ళు తిన్నది మొక్కజొన్న కాదు, జొన్న. మరి ఇక్కడికెలా వచ్చింది? ఆ ప్రశ్న పట్టుకున్నవారు డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతయ్య. వాళ్ళు పనిచేసిన పోషకాహార పరిశోధనశాల కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో మనం ఇవాళ జాతీయ పోషకాహార సంస్థ అంటున్నది దాన్నే. వాళ్ళు చెప్పిన జవాబు చెప్పుకునే ముందు మనం ఒకసారి అమెరికా వెళ్ళిరావాలి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పెల్లగ్రా ఊళ్ళకు ఊళ్ళను పట్టుకుంది. ఆ శతాబ్దపు మొదటి నాలుగు దశాబ్దాల్లో ముప్పై లక్షల మందికి వచ్చిందనీ, లక్షమంది దాకా పోయారనీ అంచనా. పిచ్చాసుపత్రుల్లో పడకలు పెల్లగ్రా రోగులతో నిండిపోయేవి. అది ఏదో సూక్ష్మజీవి వల్ల అంటుకునే జబ్బని చాలామంది నమ్మారు. 1914లో ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుణ్ణి పంపింది. హంగేరీ రాజ్యం నుంచి చిన్నప్పుడే వలస వచ్చిన యూదు కుటుంబం వాడు. అనాథాశ్రమాలూ పిచ్చాసుపత్రులూ తిరిగి చూసి ఆయన ఒక చిన్న విషయం గమనించాడు. రోగులకు జబ్బు వస్తోంది, వాళ్ళ మధ్యే రాత్రింబగళ్ళు మసిలే నర్సులకూ నౌకర్లకూ రావడం లేదు. అంటుజబ్బు ఉద్యోగం చూసి అంటుకుంటుందా? తేడా తిండిలో ఉంది. రోగులకు పెట్టేది మొక్కజొన్న జావ, బెల్లప్పాకం, కొవ్వు తప్ప కండలేని పంది మాంసం. సిబ్బందికి పాలు, గుడ్లు, మాంసం.

1915లో మిసిసిపీ రాష్ట్రంలోని ఒక జైలు పొలంలో, శిక్ష మాఫీ చేస్తామన్న హామీ మీద ముందుకొచ్చిన ఆరోగ్యవంతులైన ఖైదీలకు ఆ పేదల తిండే పెట్టి చూశాడు. చివరిదాకా నిలిచిన 11 మందిలో ఆరుగురికి పెల్లగ్రా వచ్చింది. అయినా జనం నమ్మలేదు. అప్పుడాయన మరీ మొండికెత్తాడు. రోగుల రక్తం తనకు ఎక్కించుకున్నాడు. వాళ్ళ చర్మం పొలుసులూ మలమూత్రాలూ కలిపి ఉండలు చేసి మింగాడు. సహోద్యోగులూ మింగారు. ఆయన భార్య మేరీ కూడా రోగి రక్తం ఎక్కించుకుంది. ఒక్కరికీ జబ్బు రాలేదు. భోజన సమయంలో ఇది వింటున్నవారికి క్షమాపణలు.

తిండిలో లోపించినది ఏమిటో తెలియకుండానే గోల్డ్‌బర్గర్ 1929లో కన్నుమూశాడు. 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కాన్రాడ్ ఎల్వెజెం దాన్ని పట్టుకున్నాడు. నియాసిన్, బి విటమిన్లలో ఒకటి. అది ఇచ్చాక మతి తప్పిందని గదుల్లో పెట్టిన మనుషులు కొన్ని రోజుల్లోనే తేరుకుని ఇంట్లోవాళ్ళను పేరు పెట్టి పిలిచిన సందర్భాలున్నాయి. తిండికీ మనసుకూ సంబంధముందా అని ఎవరైనా అడిగితే నాకు తెలిసినంతలో ఇంతకు మించిన రుజువు లేదు.

నియాసిన్ మన శరీరానికి రెండు దారుల్లో అందుతుంది. తిండి నుంచి నేరుగా ఒకటి. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఒళ్ళు సొంతంగా తయారు చేసుకోవడం రెండోది. ట్రిప్టోఫాన్ పాలు, గుడ్లు, మాంసం, పప్పుల్లోని మాంసకృత్తుల్లో ఉంటుంది. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ. నియాసిన్ ఉన్నా అది ఒంటికి అందని రూపంలో ముడిపడి ఉంటుంది. మెక్సికో పల్లెజనం వేల ఏళ్ళుగా మొక్కజొన్నే తింటున్నారు కదా, వాళ్ళకెందుకు రాలేదు? వాళ్ళు గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికిస్తారు. ఆ సున్నం నియాసిన్ ముడి విప్పుతుంది. యూరప్ వాళ్ళు ఓడలకెత్తి మొక్కజొన్న పట్టుకుపోయారు, సున్నం సంగతి అడగలేదు.

ఇక మన జొన్న. గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. జొన్నలో చిక్కు వేరు, అందులో ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఎక్కువ. ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే పనికి అది అడ్డుపడుతోంది అని వాళ్ళ వాదన. దీని మీద తరవాత చాలా చర్చ జరిగింది, వేరే ప్రయోగశాలలు ఒప్పుకోని సందర్భాలూ ఉన్నాయి. నన్ను ఆకట్టుకున్నది ఆ వాదన కాదు, దాని తరవాత అక్కడ జరిగిన పని. ఆ పరిశోధకులు చర్మం దగ్గర ఆగిపోలేదు. పెల్లగ్రా రోగుల మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసి చూశారు. 1970లో కమలా కృష్ణస్వామి, ఆమె సహచరుడు కలిసి పెల్లగ్రా రోగుల మానసిక స్థితినీ వాళ్ళ రక్తంలోని సెరటోనిన్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తూ ఒక పత్రం ప్రచురించారు. పేగు-మెదడు బంధం అన్న మాట పత్రికల శీర్షికల్లోకి ఎక్కడానికి దశాబ్దాల ముందే, జొన్నరొట్టె తప్ప మరేమీ దొరకని మనుషుల దిగులును తార్నాకలో కొలిచి చూశారన్నమాట.

సెరటోనిన్ పేరెత్తాను. మనోస్థితిని నిలకడగా ఉంచే రసాయనాల్లో ఒకటిగా దానికి పేరు. అదీ ట్రిప్టోఫాన్ నుంచే తయారవుతుంది. ఒకే ముడిసరుకుకు ఇద్దరు గిరాకీదారులు, ఒకరు నియాసిన్, ఒకరు సెరటోనిన్. ఆసక్తికరమైన సంగతేమంటే సెరటోనిన్ మొదట దొరికింది మెదడులో కాదు. 1930ల్లో విట్టోరియో ఎర్‌స్పామెర్ అనే ఇటలీ శాస్త్రవేత్తకు జీర్ణాశయపు పొరల్లో దొరికింది. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో వేరే బృందం రక్తంలోంచి తీసి దానికి సెరటోనిన్ అని పేరు పెట్టింది. రెండూ ఒకటేనని 1952లో తేలింది. మన ఒంట్లోని సెరటోనిన్‌లో నూటికి తొంభై వంతులకు పైగా ఇప్పటికీ ఉండేది పేగుల్లోనే.

ఇదిగో, ఇక్కడే ఫోన్ సందేశాలవాళ్ళు తొందరపడతారు. ఆనందపు రసాయనం తొంభై వంతులు కడుపులోనే ఉందట, అరటిపండులోనూ ఉందట, కాబట్టి అరటిపండు తింటే ఆనందం! అరటిపండు తినండి, మంచిదే. కానీ పేగులోని సెరటోనిన్ మెదడుకు చేరదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న కట్టుదిట్టమైన పొరను అది దాటలేదు. మెదడు తనకు కావలసింది తానే చేసుకోవాలి, అందుకు ట్రిప్టోఫాన్ అందాలి.

మరి పేగులోని సెరటోనిన్ ఏం చేస్తుంది? పేగు కదలికల్ని నడుపుతుంది. తిన్నదాంట్లో ఏదైనా తేడా ఉంటే వేగస్ నాడి ద్వారా మెదడుకు కబురంపుతుంది. మెదడు అడుగుభాగం నుంచి మెడ మీదుగా గుండె, ఊపిరితిత్తులు, కడుపు దాకా దిగే పొడుగాటి నాడి అది. పైనుంచి కిందికి ఆజ్ఞలు మోయడమే దాని పని అని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులోని పోగుల్లో దాదాపు అయిదింట నాలుగు వంతులు కింది నుంచి పైకి కబుర్లు చేరవేసేవే. వాంతులవుతుంటే డాక్టరు రాసే ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్ర మీలో చాలామంది వేసుకునే ఉంటారు. అది పనిచేసేది ఈ దారిలోనే. సెరటోనిన్ పంపిన కబురు నాడికి అందకుండా ఆపేస్తుంది. కుంగుబాటుకు మందులు మొదలుపెట్టినవారికి మొదటి వారం పదిరోజులు కడుపులో వికారం, విరేచనాలు ఉండటానికి కారణం కూడా ఇదే. మందు మెదడు కోసం వేసుకున్నా సెరటోనిన్ ఎక్కువగా ఉన్న చోటు కడుపే కాబట్టి ముందు అక్కడ అలజడి. ఈ ముక్క ముందే చెబితే చాలామంది మూడో రోజునే మందు మానేయకుండా ఉంటారు. డాక్టర్లకు తీరిక ఉండదు, అందుకని నేను చెబుతున్నాను.

కబుర్లు ఎదురు దిశలోనూ నడుస్తాయి. 1822లో అమెరికాలోని మాకినాక్ ద్వీపంలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకి గుండు పొరపాటున తగిలి కడుపుకు రంధ్రం పడింది. మనిషి బతికాడు, రంధ్రం మాత్రం పూడలేదు. అక్కడి సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఆ కంతలోంచి దారం కట్టిన మాంసం ముక్కలు లోపలికి దింపి, ఎంతసేపటికి అరిగాయో చూసి, 1833లో పుస్తకం వేశాడు. సెయింట్ మార్టిన్‌కు కోపం వచ్చినప్పుడు కడుపు లోపలి తీరు మారిపోవడం ఆయన కళ్ళారా చూశాడు. కడుపుకు కంత పెట్టుకుని ఏళ్ళ తరబడి ఒకడి ముందు పడుకోవలసి వచ్చిన మనిషికి కోపం రావడంలో వింత ఏముంది అని నాకనిపిస్తుంది గానీ, బోమాంట్ దాన్ని శాస్త్రంగా రాసుకున్నాడు.

ఇక సూక్ష్మజీవులు. ఈ పదిహేనేళ్ళలో ఇంత ప్రచారం పొందిన జీవులు మరి లేవు. ఒక మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటుందని 2016లో వేసిన లెక్క చెబుతుంది. మన సొంత కణాల సంఖ్యకు దాదాపు సమానం. తూకం వేస్తే అంతా కలిపి పావుకిలో కూడా ఉండదు. ఎక్కువ భాగం పెద్దపేగులోనే. 2004లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయంలో నొబుయుకి సుడో బృందం, పుట్టినప్పటి నుంచీ ఒంట్లో ఒక్క సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకల్ని కాసేపు కదలకుండా బంధించి చూసింది. మామూలు ఎలుకల కంటే వాటికి ఒత్తిడి హార్మోన్లు చాలా ఎక్కువ ఊరాయి. ఒక రకం మంచి బాక్టీరియాను చిన్నప్పుడే పేగుల్లోకి పంపితే ఆ అతి తగ్గింది. అప్పటినుంచి ప్రపంచమంతా ఈ దారి పట్టింది.

ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో 2011లో జరిగిన ప్రయోగం ఇంకా ముచ్చటైనది. పెరుగు జాతి బాక్టీరియా ఒకటి ఎలుకలకు తినిపిస్తే వాటి బెదురు తగ్గింది. వేగస్ నాడిని కోసేసిన ఎలుకల్లో ఆ మార్పు రాలేదు. అంటే కబురు వెళ్ళేది ఆ తీగ మీదే. పత్రికలన్నీ రాశాయి. మార్కెట్లోకి మనసు బాగుపరిచే గుళికలు వచ్చాయి. 2017లో అదే నగరంలోని శాస్త్రవేత్తలు అదే బాక్టీరియాను ఆరోగ్యవంతులైన మగవాళ్ళకు ఇచ్చి చూశారు. ఏ తేడా కనిపించలేదు. తేడా లేదని వాళ్ళే నిజాయితీగా ప్రచురించారు. ఆ రెండో వార్త మీరు ఎక్కడైనా చదివారా? నాకు తెలిసి మన పత్రికల్లో రాలేదు. గుళికల డబ్బా మీద ఎలాగూ రాయరు.

బెల్జియంలో వెయ్యి మందికి పైగా మలం నమూనాలు పరీక్షించి, కుంగుబాటు ఉన్నవారిలో రెండు రకాల బాక్టీరియా తక్కువగా ఉందని 2019లో చెప్పారు. బాగానే ఉంది. కానీ దిగులుతో ఉన్న మనిషి సరిగ్గా తినడు, వేళకు తినడు. తిండి మారితే సూక్ష్మజీవులూ మారతాయి. దిగులు వల్ల బాక్టీరియా తగ్గిందా, బాక్టీరియా తగ్గి దిగులు వచ్చిందా? నమూనాలు ఒకసారి తీసుకుని చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

అందుకే తిండి మార్చి చూసిన పరీక్షలు కావాలి. వాటిలో ఎక్కువగా చెప్పుకునేది ఆస్ట్రేలియాలో ఫెలీస్ జాకా బృందం చేసినది, 2017లో వచ్చింది. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన కుంగుబాటు ఉన్న 67 మందిని తీసుకున్నారు. చాలామంది అప్పటికే మందులో, మానసిక చికిత్సో తీసుకుంటున్నారు. సగం మందికి పోషకాహార నిపుణులు తిండి మార్చుకోవడం నేర్పారు. కూరగాయలు, పళ్ళు, పప్పుధాన్యాలు, ముడి ధాన్యాలు, చేపలు, గింజలు పెంచి, మిఠాయిలూ వేపుళ్ళూ తగ్గించడం. మిగతా సగం మందితో అన్నిసార్లూ ఎవరో కూర్చుని స్నేహంగా కబుర్లు చెప్పారు. 12 వారాల తరవాత తిండి మార్చినవారిలో నూటికి 32 మంది కుంగుబాటు నుంచి బయటపడ్డారు. కబుర్లు విన్నవారిలో నూటికి 8 మంది. తేడా పెద్దదే. పరీక్ష చిన్నది. పైగా తాము ఏ గుంపులో ఉన్నామో అందరికీ తెలుసు, తెలిసిన ఆశ కూడా మందే. అయితే ఈ పరీక్షలో నాకు ముఖ్యంగా కనిపించేది వేరే సంగతి. అందులోకి తీసుకున్నది అంతకుముందు తిండి బాగా నాసిగా ఉన్నవాళ్ళనే.

దీని పక్కన మరో రెండు పెట్టి చూడండి. 2019లో వచ్చినదాంట్లో, నాలుగు యూరప్ దేశాల్లో కలిపి బరువు ఎక్కువగా ఉండి కాస్త దిగులుగా ఉన్న 1025 మందిలో సగం మందికి ఏడాది పాటు చేపనూనె, విటమిన్ డి, ఫోలిక్ ఆమ్లం, సెలీనియం కలిపిన మాత్రలు ఇచ్చారు. కుంగుబాటు ఆగలేదు. తిండి అలవాట్ల మీద ఇచ్చిన శిక్షణ కూడా మొత్తం మీద గట్టి ఫలితం చూపలేదు. 2020లో వచ్చినదాంట్లో, అమెరికాలో 50 దాటిన 18 వేల పైచిలుకు మందిలో సగం మందికి అయిదేళ్ళు విటమిన్ డి ఇచ్చి చూశారు. దిగులులో తేడా లేదు. వాళ్ళలో చాలామందికి ఆ విటమిన్ ముందే సరిపడా ఉంది.

పెల్లగ్రాతో మొదలుపెట్టింది ఇందుకే. లేనివాడికి ఇస్తే మతి తిరిగొచ్చింది. ఉన్నవాడికి ఇంకా పోస్తే ఏమీ కాలేదు. మనసు మీద తిండి చూపే బలమంతా లోటు దగ్గరే ఉందని నా నమ్మకం. అమ్మేవాళ్ళు మాత్రం లోటు లేనివాళ్ళకే అమ్ముతారు, కొనగలిగేది వాళ్ళే గనక.

మన దగ్గర ఉన్న లోటు ఏమిటి? జొన్నల పెల్లగ్రా ఇప్పుడు అరుదు. జనం తిండి మారింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో జొన్నరొట్టె, సంకటి వెనక్కి పోయి తెల్లన్నం ముందుకొచ్చింది. ఆ పథకం ఎన్ని కడుపులు నింపిందో చిన్నచూపు చూడను. కానీ మరపట్టి మెరుగుపెట్టిన బియ్యంలో పీచు పోయింది, బి విటమిన్లు చాలావరకు తవుడులోకి పోయాయి. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక అదే జొన్న పట్నం దుకాణాల్లో రంగుల పొట్లంలోకెక్కి ఎక్కువ ధర పలుకుతోంది. జొన్న అప్పుడు విషమూ కాదు, ఇప్పుడు అమృతమూ కాదు. ఆనాడు జబ్బు తెచ్చింది రొట్టె పక్కన పప్పూ పాలూ ఆకుకూరా లేకపోవడం. ఇవాళ గుట్టంత అన్నం మీద నీళ్ళచారు పోసుకుని కానిచ్చే భోజనమూ అదే వరస.

పీచు మనకు అరగదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులకు అదే తిండి. అవి దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు చేస్తాయి, పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూరగాయలూ పళ్ళూ కలిపి రోజుకు అరకిలో తినమని ఉంది. అరకిలో! ఎంతమంది ఇళ్ళలో మనిషికి అంత అందుతుంది? మనకు కూరంటే అన్నంలోకి నంజుకునేది. తోటకూర పప్పు, గోరుచిక్కుడు, ములక్కాడ, బొబ్బర్లు, ఉలవలు మనకు తెలియనివి కావు. గరిటె మాత్రం అన్నం వైపు పెద్దది, కూర వైపు చిన్నది.

పులిసిన తిండి గురించి అడుగుతారని తెలుసు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 2021లో 36 మంది మీద చేసిన ఒక చిన్న అధ్యయనంలో, పది వారాలు పెరుగు లాంటి పులిసిన పదార్థాలు బాగా తిన్నవారి పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు పెరిగాయి, రక్తంలో వాపు గుర్తులు తగ్గాయి. మనకు పెరుగు, మజ్జిగ ఉండనే ఉన్నాయి. రాత్రి అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి తెల్లారి ఉల్లిపాయ నంజుకుని తినే చద్దన్నంలో ప్రాణమున్న బాక్టీరియా ఉంటుంది, ఎందుకంటే అది ఉడికిన తరవాత పులిసింది. కోస్తాలో వేసవిలో కుండలో పులియబెట్టుకునే తరవాణి కూడా అంతే. ఇడ్లీ, దోసె సంగతి వేరు. పిండి పులిసినా ఆవిరిలో, పెనం మీద ఆ జీవులన్నీ చనిపోతాయి. పులియడం వల్ల సులువుగా అరగడం వంటి లాభం మిగులుతుంది, అది తక్కువేమీ కాదు. ఆవకాయను కూడా ఈ లెక్కలో వెయ్యమని మా ఇంట్లోనే ఒత్తిడి ఉంది. వేయలేను. దాన్ని నిలబెట్టేది ఉప్పూ నూనే. ఆవకాయ వల్ల మనసు బాగుంటుందంటే కాదనను, దానికి శాస్త్రం అక్కర్లేదు.

ఇంకా గట్టిగా చెప్పాల్సిన లోటు బి12. అది మొక్కల్లో దొరకదు. పాలు, గుడ్లు, చేపలు, మాంసమే ఆధారం. పాలు కూడా అంతంతమాత్రంగా తాగే శాకాహారుల్లో, కడుపులో ఆమ్లం తగ్గిన పెద్దవయసువారిలో, చక్కెర జబ్బుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఇది పడిపోవచ్చు. అరికాళ్ళు తిమ్మిరెక్కడం, మతిమరుపు, కారణం తెలియని దిగులు, చిరాకు. ఇంట్లోవాళ్ళు వయసు మీద పడింది అనుకుంటారు. ఒక రక్తపరీక్షతో తేలే విషయం. రోజూ మద్యం తాగి అన్నం మానేసేవారిలో పాత పెల్లగ్రా ఇప్పటికీ కనిపిస్తుంది. మెడ చుట్టూ నల్లమచ్చ, చేతుల మీద పొలుసులు, పొంతన లేని మాటలు కనిపిస్తే తాగుడు మత్తని వదిలేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇనుము లోటు ఆడవాళ్ళది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. నీరసం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, చిన్నదానికే కళ్ళనీళ్ళు. వీటిని మనసు జబ్బనుకునే ముందు, ఆ ఇంట్లో చివరగా ఎవరు తింటున్నారో చూడాలి. గిన్నెలో అడుగున మిగిలిన కూర, అందరికీ వడ్డించగా మిగిలిన సగం గుడ్డు, అవీ లేకపోతే పచ్చడి మెతుకులు. ఏ అధ్యయనమూ అక్కర్లేకుండా మన వంటింట్లో కనబడే విషయమిది. గోల్డ్‌బర్గర్ పిచ్చాసుపత్రిలో రోగుల పళ్ళెమూ నర్సుల పళ్ళెమూ పక్కపక్కన చూసినట్టు, ఒకే ఇంట్లో రెండు పళ్ళేలు చూడవచ్చు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. కుంగుబాటు ఉన్న మనిషి దగ్గరికెళ్ళి నువ్వు సరిగ్గా తినకపోవడం వల్లే ఇదంతా అనకండి. తినాలనిపించకపోవడం ఆ జబ్బు లక్షణమే. డాక్టరు రాసిన మందు ఆపి మజ్జిగతో సరిపెట్టుకోమని సలహా ఇవ్వకండి. ఆ ఆస్ట్రేలియా పరీక్షలో కూడా తిండి అనేది చికిత్సకు తోడుగా నడిచిందే.

అటు కడుపు జబ్బుతో బాధపడేవారిది మరో తంటా. ఎన్ని పరీక్షలు చేసినా ఏమీ దొరకదు, కడుపు నొప్పి, ఉబ్బరం, రోజుకు నాలుగుసార్లు పరుగు. దీన్ని ఐబీఎస్ అంటారు. ఇలాంటి కడుపు జబ్బుల్లో కొందరికి ముందు ఆందోళన వచ్చి తరవాత కడుపు చెడుతుంది, మరికొందరికి కడుపు ముందు చెడి తరవాత ఆందోళన మొదలవుతుంది అని ఆస్ట్రేలియాలో పన్నెండేళ్ళు వెంటపడి చూసిన అధ్యయనం ఒకటి తేల్చింది. ఈ జబ్బుకు డాక్టరు ఒక్కోసారి అమిట్రిప్టిలిన్ అనే మందు చిన్న మోతాదులో రాస్తాడు. మందుల దుకాణంలో అది దిగులు మందు అని ఎవరో చెబుతారు. నాకు కడుపు నొప్పంటే పిచ్చి మందు రాస్తాడా అని రోగి కాగితం చింపేస్తాడు. 2023లో ఇంగ్లండులో 463 మంది ఐబీఎస్ రోగుల మీద జరిగిన పరీక్షలో ఆ చిన్న మోతాదే మేలు చేసింది. కడుపుకూ మెదడుకూ మధ్య నడిచే కబుర్లను అది మెత్తబరుస్తుంది. నొప్పి నిజమే, మందూ నిజమే.

అందుకని, మనసు బాగాలేదని డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కడుపు సంగతి కూడా చెప్పండి. ఏం తింటున్నారో, ఎప్పుడు మానేశారో, ఎంత తాగుతున్నారో దాచకుండా చెప్పండి. కడుపు కోసం వెళ్ళినప్పుడు నిద్ర సంగతి చెప్పండి. బి12, హీమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు అవసరమా అని అడగండి, అడగడం తప్పు కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళే ధైర్యం ఇంకా రాకపోతే, ప్రభుత్వం నడిపే టెలిమానస్ సేవకు ఫోన్ చేయవచ్చు. నంబరు 14416. మరోసారి చెబుతున్నాను, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.